మొదటి రోజు, పదకొండో ఏడు

నందిరేవు డిగ్రీ కళాశాలలో జరుగుతున్న రెండు రోజుల జాతీయ సదస్సులో మొదటి రోజు, ఈ ఫిబ్రవరితో పదకొండో ఏట అడుగుపెట్టింది. ప్రారంభ సమావేశం ఇంకా ముగియలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రారంభ సమావేశం ఉదయం పది గంటలకు మొదలవుతుందని ఆహ్వాన పత్రికలో వేశారు గానీ ఎప్పుడు ముగుస్తుందో వేయలేదు. ‘తదనంతరం పత్ర సమర్పణ’ అని మాత్రం వేశారు. ఆ తదనంతరం కోసం మట్టపర్తి సోమశేఖరం మూడో వరుసలో, నడవ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వచ్చినప్పుడు అతనికి ముప్పైనాలుగేళ్ళు. ఇప్పుడు నలభై అయిదో ఏడు నడుస్తోంది.

సోమశేఖరం వేరే ఊరి ప్రభుత్వ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాడు. నెమ్మదైన మనిషి. నలుగురిలో నిలబడి మాట్లాడాలన్న సరదా ఏనాడూ లేనివాడు. మేనమామ పోరు పడలేక ఈ సదస్సుకు పత్రం రాసుకొచ్చాడు. ఆ మేనమామ సూరన్న, కాలవ చివరి పల్లపు చేలల్లో ఒక పాత రకం వరి వేసేవాడు. దాన్ని బాతు వడ్లు అనేవారు. చేలు మునిగితే మిగతా రకాలు నాలుగో రోజుకే కుళ్ళిపోతాయి. బాతు వడ్ల పైరు పన్నెండు రోజులు నీళ్ళ కింద ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. అయితే నీళ్ళు తీశాక చూస్తే చేను నల్లగా, వాసనేసి, అచ్చం చచ్చినట్టే కనిపిస్తుంది. చూసినవాడెవడైనా దున్నేస్తాడు. అలా దున్నకుండా, కాలు కూడా పెట్టకుండా ఏడు రోజులు వదిలేస్తే ఎనిమిదో రోజున మొదళ్ళలోంచి పచ్చగా చిగురు లేస్తుంది. సోమశేఖరం మూడేళ్ళు కొలిచి, రాసి, ఫొటోలు తీసి రూఢి చేసుకున్న సంగతి ఇదే.

“పదిమందిలో చెప్పరా అల్లుడూ. నే చెబితే చాదస్తం అంటారు. నువ్వు మైకులో చెబితే శాస్త్రం అంటారు,” అన్నాడు సూరన్న.

అలా పది నిమిషాల పత్రం ఒకటి, చూపించడానికి గుప్పెడు వడ్లు ఒక కవర్లో పెట్టుకుని సోమశేఖరం బయలుదేరాడు. అతని కళాశాల రెండు రోజులకు ఆన్ డ్యూటీ ఇచ్చింది. రెండో నెలలో ప్రిన్సిపాల్ కాస్త కంగారుపడి, మావాడు ఎప్పుడు తిరిగొస్తాడని సదస్సు కన్వీనరు ఆకెళ్ళ విశ్వపతి గారికి లేఖ రాశారు. సదరు అధ్యాపకులు మొదటి రోజు కార్యక్రమంలో పాల్గొంటున్నారని, రెండో రోజు ఇంకా రాలేదని, రాగానే తెలియజేస్తామని విశ్వపతి గారు జవాబు పంపారు. రెండు రోజుల సెలవులో ఇంకా మొదటి రోజే గడవలేదు కాబట్టి అంతా సక్రమంగానే ఉన్నట్టు ప్రిన్సిపాలుకు తోచింది. ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టించారు. సదస్సు హాజరు పట్టీలో సోమశేఖరం పేరుకు ఎదురుగా ఉదయం సంతకం ఉంది. మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది.

జ్యోతి ప్రజ్వలనకే నాలుగు నెలలు పట్టింది. దీపానికి అయిదు వత్తులు, వేదిక మీద నలభై ఒక్కరు పెద్దలు, కొవ్వొత్తి ఒక్కటి. ప్రతి పెద్ద మనిషీ కొవ్వొత్తిని వత్తికి ఆనించి, కెమెరా వైపు తల తిప్పి, ఫొటోగ్రాఫరు చాలనేదాకా అలాగే ఉండాలి. ముప్పై ఎనిమిదో ఆయన దగ్గరకు వచ్చేసరికి, పదకొండో ఆయన కళ్ళు మూసుకున్నట్టు ఫొటోలో తేలింది. దీపం ఆర్పి మళ్ళీ మొదటినుంచి వెలిగించారు. తర్వాత పుష్పగుచ్ఛాలు, శాలువాలు, జ్ఞాపికలు. ముఖ్య అతిథి పనుల ఒత్తిడిలో ఉండి రెండో ఏడు వేసవిలో గానీ రాలేకపోయారు. ఆయన రాగానే మర్యాద కోసం అందరినీ వేదిక దింపి, వరస ప్రకారం ఒక్కొక్కరినీ పేరు పెట్టి మళ్ళీ పైకి పిలిచారు.

మధ్యలో రెండుసార్లు ఎన్నికలొచ్చాయి. కొత్త ఎమ్మెల్యే వచ్చాడు కదా అని పాతాయన్ను దిగమనడం పద్ధతి కాదు. ఆయనకు పక్కనే మరో కుర్చీ వేశారు. పదవీ విరమణ చేసిన రిజిస్ట్రారు, ఆయన స్థానంలో వచ్చినవారు, ఆ తర్వాత వచ్చినవారు అందరూ ఒకే వరసలో స్నేహంగా కూర్చున్నారు. మొదట్లో లెక్కపెట్టి పిలిచిన నలభై ఒక్కరిలో కొందరికి మాట్లాడి వెళ్ళిపోయే పనులుండటం వల్ల సంఖ్య మాత్రం నలభై ఒకటి దాటలేదు. ఇద్దరు పెద్దలు వేదిక మీదే కాలం చేశారు. వారి కుర్చీలు పేరు పలకలతో సహా అలాగే ఉంచారు. ప్రతి వక్తా వారినీ సంబోధించాకే మొదలుపెడతాడు. వేదికను మూడుసార్లు ముందుకు పొడిగించాల్సి వచ్చింది. ఆ పొడిగింపులో రెండు వరుసల కుర్చీలు పోయాయి. అయిదో వరుసలో కూర్చున్న సోమశేఖరం కదలకుండానే మూడో వరుసలోకి వచ్చాడు. వృత్తిలో అతనికి దొరికిన ఉన్నతి ఇదొక్కటే, దానికి అతను సంతోషించాడు కూడా.

ఒక్కొక్క పెద్ద మనిషి సగటున రెండు నెలలు మాట్లాడారు. ఈ అంశంలో తనకు ప్రవేశం లేదని మొదట వినయంగా చెప్పేవారు, తర్వాత దాన్ని వివరంగా నిరూపించేవారు. చెప్పవలసినదంతా ముందువాళ్ళే చెప్పేశారని, కాబట్టి తాను కొత్తగా చెప్పేది లేదని అని, ఆ ముందువాళ్ళు చెప్పిందంతా చెప్పేవారు. సదస్సు అంశం వాతావరణ మార్పులు, సాగు సమస్యలు. వక్తలు తమ బాల్యం గురించి మాట్లాడారు.

తిండికి ఏ లోటూ లేదు. కాకపోతే ఆహ్వాన పత్రిక ప్రకారం భోజన విరామం ప్రారంభ సమావేశం తర్వాతే వస్తుంది. అందుచేత ఈ పదేళ్ళలో అధికారికంగా అక్కడ ఎవరూ అన్నం తినలేదు. టీ విరామానికి మాత్రం అనుమతి ఉంది. కళాశాల వెనక రేకుల షెడ్డులో వంటావిడ నూకరత్నం రోజూ పప్పు, గోంగూర, వేపుడు, చారు, గడ్డపెరుగు చేసి, అన్నిటినీ టీ కింద రాస్తుంది. పొద్దున ఇడ్లీ కూడా టీయే. పుస్తకాలయంలో బల్లలు కలిపి పడుకునే ఏర్పాటుంది. దాన్ని ఆసీనులై ఉండటం అంటారు. ఇద్దరు ప్రతినిధులు అక్కడే ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. శుభలేఖలో ముహూర్తం దగ్గర, ‘ప్రారంభ సమావేశ మధ్యమున’ అని వేయించారు.

గుప్పెడు వడ్లు తెచ్చాడని చెప్పాను కదా. వడ్లు పాతబడితే మొలకెత్తవు. చూపించే నాటికి చచ్చిన గింజలు చూపిస్తే ఏం మర్యాద అని సోమశేఖరం మొదటి ఏడే వాటిని షెడ్డు వెనక గిన్నెలు కడిగిన నీళ్ళు నిలిచే పల్లంలో చల్లాడు. పైరు కళకళలాడుతూ వచ్చింది. ఏటా విత్తనానికి గుప్పెడు ఉంచుకుని మిగిలింది నూకరత్నానికి ఇచ్చేవాడు. నాలుగో ఏటికల్లా మడి సైకిల్ స్టాండు దాకా పెరిగి, వేదిక మీది పెద్దలకు సరిపడా బియ్యం వచ్చాయి. అప్పుడు మాట్లాడుతున్న ముఖ్య అతిథి ఆ అన్నం తిని చలించిపోయి, తన ఉపన్యాసంలో పదిహేడు రోజులు ఆ బియ్యం రుచినే పొగిడారు. ఇటువంటి బియ్యం ఇప్పుడెక్కడ దొరుకుతాయి, ఎవరు పండిస్తున్నారు అని సభను ప్రశ్నించారు.

సోమశేఖరం వెంటనే పెన్ను తీశాడు. ‘అయ్యా, తమరు మెచ్చుకున్న బియ్యం గురించే నా పత్రం’ అని ఒక చీటీ రాసి పైకి పంపాడు. మొదటి ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, చిరునవ్వు నవ్వి రెండో ఆయనకిచ్చాడు. అలా అది నలభై ఒక్కరి చేతులూ దాటింది. అందరూ చదివారు, అందరూ తలలూపారు. చివర విశ్వపతి గారు దాని వెనక వైపు, ‘చాలా సంతోషం. పత్ర సమర్పణలో ప్రస్తావించగలరు’ అని రాసి కిందికి పంపారు. కన్వీనరు స్వహస్తాలతో రాసిన ఆ చీటీని సోమశేఖరం ఫైల్లో జాగ్రత్తగా దాచుకున్నాడు.

సమయాభావం వల్ల పత్రాల నిడివి మాత్రం తగ్గిస్తూ వచ్చారు. మొదటి ఏడు పది నిమిషాలుండేది ఎనిమిదయింది. తర్వాత ఆరు, నాలుగు, రెండు. తగ్గించినప్పుడల్లా మిగతా ప్రతినిధులు చిరచిరలాడేవారు గానీ సోమశేఖరం పెన్సిలు చెక్కుకుని కూర్చునేవాడు. ముందు ఉపోద్ఘాతం తీసేశాడు. భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశమని అందులో ఉంది. అది పోయినందుకు ఎవరికీ నష్టం లేదు. తర్వాత పూర్వ పరిశోధనల సమీక్ష పోయింది. అవన్నీ నిజంగానే చదివాడు కాబట్టి ఒక వారం దిగులు పడ్డాడు. పట్టికలు పోయాయి, గీతలు పోయాయి, శాఖాధిపతికి కృతజ్ఞతలు పోయాయి. రెండు నిమిషాలకు వచ్చేసరికి సూరన్న మాటలే మిగిలాయి. తొమ్మిదో ఏట ఒక్కొక్కరికి ఒక్క నిమిషమేనని ప్రకటించాక అతని పత్రం ఒక్క వాక్యమైంది.

బాతు వడ్లు పన్నెండు రోజులు మునిగినా చావవు, నీళ్ళు తీశాక ఏడు రోజులు చేను ముట్టుకోకండి.

గడియారం పెట్టుకుని చూస్తే చెప్పడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. నిమిషంలో ఇంకా యాభై ఒక్క సెకన్లు మిగులుతాయి. ఇంత మంచి వాక్యం తాను రాయగలనని సోమశేఖరం అనుకోలేదు. పీహెచ్‌డీకి మూడు వందల పేజీలు రాసినప్పుడు కూడా కలగని తృప్తి కలిగింది. రోజూ పొద్దున్నే మడి గట్టున నిలబడి, ఎవరూ దగ్గర్లో లేకుండా చూసుకుని, ఆ వాక్యాన్ని ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలుగా చెప్పుకునేవాడు. ఆ వాక్యమంటే అతనికి ప్రేమ, అందులో దాపరికమేమీ లేదు.

ఎవరూ దగ్గర్లో లేకుండా చూసుకోవడం ఎందుకంటే, సదస్సుకు పేరు నమోదు చేసుకునేటప్పుడు ప్రతి ప్రతినిధీ ఒక హామీపత్రం మీద సంతకం చేస్తాడు. అందులో తొమ్మిదో నిబంధన ప్రకారం పత్రంలోని విషయాన్ని సమర్పించక ముందు ఎక్కడా, ఎవరి ఎదుటా చెప్పకూడదు. చెబితే దాని కొత్తదనం పోతుంది. పదో నిబంధన ప్రకారం ఒకసారి సమర్పించిన పత్రాన్ని మరెక్కడా తిరిగి చెప్పకూడదు. చెబితే పాతదాన్నే మళ్ళీ అమ్ముకున్నట్టవుతుంది. రెండూ న్యాయమైన నిబంధనలేనని సోమశేఖరం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మాట తప్పే రకం కాదు.

అందువల్లే మూడో ఏట సూరన్న మంచాన పడినప్పుడు కూడా ఆ ఏడు రోజుల సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. సూరన్న తన విత్తనాన్ని పల్లపు చేలున్న అయిదుగురు రైతులకు పంచాడు. ఎంత ముంపునైనా ఓర్చుకుంటుందని మాత్రం చెప్పి, నీళ్ళు తీశాక ఏం చెయ్యాలో మా అల్లుడు మైకులో చెబుతాడు, అదీ శాస్త్రం, దానికోసమే వెళ్ళాడు అని కన్నుమూశాడు. మేనల్లుడి చదువు మీద అంత గురి ఆయనకు. టీ విరామంలో వెళ్ళి రమ్మని సోమశేఖరానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. వెళ్ళి, మేనమామ పాడె మోసి, దారి పొడుగునా ఏడ్చి వచ్చాడు. ఆ రైతులు అన్నం రుచిగా ఉందని బాతు వడ్లే వేసుకుంటూ వచ్చారు. పదేళ్ళుగా పెద్ద ముంపు రాలేదు కాబట్టి మిగతా సంగతి అవసరం పడలేదు.

సోమశేఖరం భార్య భూలక్ష్మి ఊళ్ళో అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ప్రతి ఆదివారం ఫోను చేసి మీ వంతు వచ్చిందా అండి అని అడిగేది. ఇంకా లేదు, దగ్గర పడింది అనేవాడు. ఆ ఒక్క ముక్కా నాకైనా చెప్పకూడదా అని ఒకసారి నిష్ఠూరమాడింది. అతను తొమ్మిదో నిబంధన చదివి వినిపించాడు. ఆవిడ గవర్నమెంటు పని కదా అని సమాధానపడింది.

అతని పక్క కుర్చీ దుర్గాసి ఇందిరావతిది. చరిత్ర అధ్యాపకురాలు, పాత కాలవల మీద పత్రం తెచ్చింది. జాబితాలో సోమశేఖరం ఏడో పేరు, ఆవిడ ఎనిమిదో పేరు. మైకు ముందు తడబడకుండా ఉండాలంటే ఎవరో ఒకరి ఎదుట అభ్యాసం చెయ్యాలి. విషయం చెప్పడానికి నిబంధన ఒప్పుకోదు. కాబట్టి ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు సంబోధన మాత్రం అభ్యాసం చేసేవారు. వేదికను అలంకరించిన పెద్దలందరినీ, పోయిన ఇద్దరితో కలిపి, వరస తప్పకుండా, పదవులూ బిరుదులతో సహా చెప్పడం. పదేళ్ళుగా రోజూ రెండు పూటలా అదే. ఎక్కడైనా ఇంటిపేరులో మొదటి అక్షరం జారితే ఇందిరావతి గారు వేలెత్తి ఆపేవారు. అతను మళ్ళీ మొదటి పేరు నుంచి అందుకునేవాడు.

పదకొండో ఏడు మొదలైన నెలలోనే, ఒక మంగళవారం, ప్రారంభ సమావేశం ముగిసింది. మాట్లాడవలసిన వాళ్ళ కాగితంలో ఇక పేర్లు లేవని విశ్వపతి గారు గమనించారు. కాగితం తిప్పి వెనక కూడా చూశారు, అక్కడా లేవు. వందన సమర్పణకు నలభై రోజులు పట్టింది. విద్యుత్ శాఖకు, పత్రికలవారికి, షామియానావారికి, సహకరించిన వాతావరణానికి ధన్యవాదాలు చెప్పారు. ఏప్రిల్ మొదటి వారంలో పత్ర సమర్పణ మొదలైంది. అరవై మూడు మంది ప్రతినిధుల్లో పందొమ్మిది మంది మిగిలారు, మిగతావారు మొదటి రోజులోనే పదవీ విరమణ చేశారు. పెద్దలు పత్రాలు వినాలని ముచ్చటపడి వేదిక మీదే ఉండిపోయారు. సమావేశానికి అధ్యక్షత వహించిన ఆచార్య తాళ్ళూరి నరహరి గారు బల్ల మీద ఇత్తడి గంట పెట్టుకుని, ఒక్కటంటే ఒక్కటే నిమిషం అని అందరినీ ముందే హెచ్చరించారు.

ఏడో పేరు పిలిచారు. సోమశేఖరం లేచాడు. జేబులో గుప్పెడు కొత్త వడ్లు, నాలుక చివర తొమ్మిది సెకన్ల వాక్యం. మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు.

“వేదికను అలంకరించిన సభాధ్యక్షులు, ఆచార్య తాళ్ళూరి నరహరి గారికి…”

పదేళ్ళ అలవాటు అది. నోరు తెరిస్తే వచ్చేది అదే. మూడో పేరు దగ్గర అతనికి స్పృహ వచ్చింది, ఆగిపోదామనుకున్నాడు. కానీ మూడో పేరు చెప్పి ఆగితే నాలుగో ఆయన్ను అవమానించినట్టవుతుంది. నాలుగో ఆయన అప్పటికే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పదో పేరు దగ్గర ఆగడం ఇంకా కష్టమైంది. ముప్పయ్యో పేరు దాటాక ఇక ఆగాలన్న ఆలోచన కూడా పోయింది. గొంతు ధారాళంగా సాగింది, ఒక్క అక్షరం జారలేదు. నలభై ఒకటో పేరు పూర్తయ్యేసరికి యాభై ఎనిమిది సెకన్లయ్యాయి. మిగిలిన రెండు సెకన్లలో అతను, “బాతు,” అన్నాడు.

గంట మోగింది. హాలంతా చప్పట్లతో హోరెత్తిపోయింది. ముక్తసరిగా, ఆలోచింపజేసేలా ముగించారని నరహరి గారు మెచ్చుకున్నారు. అక్కడికక్కడే సర్టిఫికెట్టు ఇచ్చారు. బంగారు రంగు అంచు, మూడు సంతకాలు, గుండ్రటి ముద్ర. సోమశేఖరం దాన్ని రెండు చేతులా పట్టుకుని చదువుకున్నాడు. గోదావరి డెల్టా పల్లపు భూములలో ఒక స్థానిక వరి రకం, ఒక పరిశీలన అనే అంశంపై పత్రాన్ని విజయవంతంగా సమర్పించి, విస్తృతమైన చర్చకు దోహదపడ్డారని అందులో ఉంది. ముద్ర కింద వరస సంఖ్య కూడా ఉంది. చెప్పలేకపోయానన్న బెంగ ఒకటి గుండెలో లేవబోయి, ఆ అక్షరాలు చూసి సర్దుకుంది.

ఆ తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలిగిందే. పెద్దలు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. ఈ పదేళ్ళలో తమ అందరి పేర్లూ, కాలం చేసినవారితో సహా, తప్పు లేకుండా చెప్పినవాడు మరొకడు లేడు. ఇటువంటి విద్వాంసుడు కింద కూర్చోవడం సభకు శోభ కాదు. నలభై రెండో కుర్చీ తెప్పించి అతన్ని పైకి పిలిచారు. కొత్తగా వేదిక ఎక్కినవారికి పుష్పగుచ్ఛం, శాలువా, జ్ఞాపిక ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడించడం ఆనవాయితీ. ఆ నాలుగు మాటలు నిబంధనల ప్రకారం ప్రారంభ సమావేశంలోకి వస్తాయి. కాబట్టి ప్రారంభ సమావేశాన్ని తిరిగి తెరిచి, పత్ర సమర్పణను తాత్కాలికంగా నిలిపివేశారు. సమయాభావం వల్ల మిగతావారికి అరనిమిషమే ఇవ్వగలమని విశ్వపతి గారు నొచ్చుకుంటూ ప్రకటించారు. అప్పటికే లేచి నడవలోకి వచ్చిన ఇందిరావతి గారు అందరికంటే గట్టిగా, మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టి, మళ్ళీ కూర్చుని పెన్సిలు తీసుకున్నారు.

వేదిక మీద అంతా వేరుగా ఉంటుందని సోమశేఖరానికి అప్పుడు తెలిసింది. కుర్చీకి మెత్త ఉంది, ఫ్యాను నేరుగా తగులుతుంది, చిన్న ప్లేటులో జీడిపప్పు ఉంటుంది, గంట ఉండదు. మైకు ముందు నిలబడినప్పుడు ఆ వాక్యం గుర్తుకు రాకపోలేదు. ఇప్పుడు ఎంతసేపైనా చెప్పొచ్చు. కానీ పదో నిబంధన ఉంది. సర్టిఫికెట్టు చేతికొచ్చాక మళ్ళీ చెబితే తిరిగి సమర్పించినట్టే. పైగా ప్రారంభోపన్యాసంలో విషయం మాట్లాడితే కింద కూర్చున్నవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని పక్కాయన ప్రేమగా చెవిలో చెప్పాడు. అందుకని సోమశేఖరం తన బాల్యం గురించి మొదలుపెట్టాడు. మేనమామ భుజాల మీద కూర్చుని కాలవ దాటడం దగ్గర సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తనకింత బాగా మాట్లాడటం వచ్చునని అతనికే తెలియదు. ఏప్రిల్ పోయింది, వానలొచ్చాయి, సెప్టెంబరు వచ్చింది. అతను ఇంకా ఆరో తరగతిలోనే ఉన్నాడు. జీవితంలో అంత హాయిగా ఎన్నడూ లేడు.

సెప్టెంబరు చివర్లో, టీ విరామంలో వేడివేడి అన్నంలో గోంగూర కలుపుకుంటుండగా భూలక్ష్మి ఫోను చేసింది. ఆదివారం కాదు. కాలవకు గండి పడిందని, పల్లపు చేలన్నీ పదకొండు రోజులు నీళ్ళలో ఉన్నాయని, నిన్ననే తీశాయని చెప్పింది. సూరన్న దగ్గర విత్తనం తీసుకున్న అయిదుగురు రైతులూ వాకిట్లో నిలబడి ఉన్నారట. చేలు నల్లగా కుళ్ళినట్టున్నాయట. దున్నేసి మరో పంట వేసుకుందామని ఇద్దరు ట్రాక్టరు కూడా తెప్పించారు. సూరన్న మాట విని ఆగుదామని ముగ్గురు అంటున్నారు.

“మైకులో చెప్పేశారాండి?” అంది భూలక్ష్మి.

“చెప్పేశాను. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు.”

“ఏం చెప్పారండి? వీళ్ళు అదే అడుగుతున్నారు.”

సోమశేఖరం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వాక్యం మొత్తం, తొమ్మిది సెకన్లూ, గొంతులోకి వచ్చి నిలబడింది. నీలం సిరాతో తాను పెట్టిన సంతకం కూడా గుర్తుకొచ్చింది. ఒకసారి చెప్పిన పత్రం మళ్ళీ చెప్పకూడదు. చెప్పినట్టు మూడు సంతకాలతో కాగితం ఉంది. కింద కూర్చున్నవాడైతే ఏమో గానీ, వేదిక మీద ఉన్నవాడే నిబంధన మీరితే ఇక సదస్సుకు విలువేముంది. ఎడమ చేత్తో సర్టిఫికెట్టు తీసి, మొదటినుంచి చివరిదాకా, వరస సంఖ్యతో సహా, నింపాదిగా చదివి వినిపించాడు. భూలక్ష్మి ఒక్కొక్క ముక్కా వాకిట్లోకి గట్టిగా చెప్పింది. విజయవంతంగా సమర్పించి అన్నది రెండుసార్లు చెప్పింది. తర్వాత అటునుంచి ఏదో ఇంజను మొదలైన చప్పుడు వినబడింది.

“విన్నారండి,” అంది భూలక్ష్మి. “చాలా పెద్దది ఇచ్చారే అంటన్నారు. వీళ్ళలో మన గవర్రాజు గారేమో లామినేషన్ చేయించి దాచుకోమంటన్నారు. మళ్ళీ ముంపొస్తే తడిసిపోద్దంట.”

“ఆ చప్పుడేంటి?”

“ట్రాక్టరండి. చేలోకి దిగతంది.”

సోమశేఖరానికి గవర్రాజు గారి సలహా నచ్చింది. భూలక్ష్మిని ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమన్నాడు. చెయ్యి కడుక్కుని, అంత పెద్ద కాగితానికి లామినేషన్ చేసే షాపు ఊళ్ళో ఎక్కడుందో కనుక్కోమని విశ్వపతి గారితో ఒక మాట చెప్పి, వేదిక ఎక్కాడు. మైకు సరిచేసుకుని, ఆరో తరగతిలో ఎక్కడ ఆపాడో అక్కడినుంచి అందుకున్నాడు.